నాడి మనది, పంచాయితీ వాళ్లది

డాక్టర్ల మీద పెత్తనం ఎవరిది? ఈ తగాదా ఢిల్లీలో ఎన్నో ఏళ్లుగా నడుస్తా ఉంది. మా వృత్తి సంగతి మాకే తెలుసు, మా తప్పొప్పులు మేమే తేల్చుకుంటాం, బయటోళ్ల జోక్యం వద్దు అని డాక్టర్ల సంఘాలు అంటాయి. మీ చేతిలో పెడితే ఏం జరిగిందో చూశాం గదా, ఇక పగ్గాలు మేమే పట్టుకుంటాం అని సర్కారు అంటుంది. పెద్ద పేపర్లు ఒకరోజు వీళ్ల పక్కన, ఒకరోజు వాళ్ల పక్కన రాస్తాయి. మంచంలో పడి ఉన్నవాడిని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు. మంచం వాడలో ఉంటే అడిగే మాటే లేదు.

ఉదయగిరి కొండ కింద నిలబడి చూసినా, ఆత్మకూరు మెట్టన నిలబడి చూసినా ఈ తగాదా వేరేగా కనపడుతుంది. మన వాడల్లో జబ్బు చేస్తే మొదట పోయేది ఆరెంపీ దగ్గరికి. ఆయన చేతిలో కాకపోతే ఆత్మకూరులోనో, నెల్లూరులోనో నర్సింగ్ హోముకి. అక్కడ డబ్బు చాలకపోతే చివరికి సర్కారాసుపత్రికి. ఉదయగిరి నుంచి నెల్లూరు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఈ మూడు మెట్లలో మొదటి మెట్టు మీద ఏ చట్టమూ లేదు. రెండో మెట్టు మీద ఉన్న చట్టం ఆ డాక్టర్ల చుట్టపక్కాల చేతిలో ఉంది. మూడో మెట్టు మీద చట్టం పై అధికారి దయ. స్వయం నియంత్రణా, సర్కారు నియంత్రణా అని వాళ్లు వాదించుకునేదంతా రెండో మెట్టు గురించే. మన ప్రాణాలు మూడు మెట్ల మీదా పోతున్నాయి.

కొంచెం వెనక్కి పోదాం. వైద్యం ఈ దేశంలో మొదటి నుంచీ గొప్పోళ్ల వృత్తేమీ కాదు. వైద్యుడు పెట్టే అన్నం చీముతో సమానమని లెక్కగట్టింది మనుస్మృతి. నెత్తురూ చీమూ ముట్టుకునేవాడు అంటరానివాడే గదా వాళ్ల లెక్కలో. మన ఊళ్లలో కాన్పు చేసి బొడ్డు కోసింది మంగలి, మాల, మాదిగ ఆడవాళ్లే. ఊళ్లో దొరసాని కాన్పుకి అర్ధరాత్రి వాడకొచ్చి పిలుచుకుపోయేవాళ్లు, తెల్లారినాక ఆమె తాకిన గుడ్డలన్నీ వాడకే పంపేవాళ్లు. బిడ్డను మొదట ముట్టుకున్న చెయ్యే పురుడు దాటాక పనికిరాని చెయ్యి అయ్యేది.

ఆ పనికి డబ్బూ గౌరవం వచ్చినాక కథ మారింది. నెల్లూరు జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1914లో మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది, 1926లో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. 1933లో దేశం మొత్తానికి మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది, 1956లో దానికి కొత్త చట్టం రాశారు. పట్టికలో పేరుంటే వైద్యుడు, లేకపోతే నేరస్తుడు. పట్టిక తప్పని మేం అనడం లేదు. తుప్పుపట్టిన కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతంతో పిల్లలు చచ్చిపోయిన మాట నిజం. ఆ పిల్లల్లో ఎక్కువ మంది మన పిల్లలే. అయితే ఆ పట్టికలోకి ఎక్కాలంటే చదువు కావాలి, బడి గడప తొక్కనివ్వని కులాలకి ఆ చదువు యాడనుంచి వస్తుంది? చేతిలో ఉన్న పని పోయింది, కొత్త పట్టికలోకి దారి దొరకలేదు. చట్టం ఎవరి నోరూ కొట్టాలని రాసుండకపోవచ్చు. కొట్టింది మాత్రం మన నోరే.

ఇక డాక్టర్లు తమను తాము ఎట్ట దిద్దుకున్నారో చూద్దాం. మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో ఎన్నికైన డాక్టర్లదే పెద్ద పీట. దాని అధ్యక్షుడు కేతన్ దేశాయ్‌ని 2010 ఏప్రిల్లో, ఒక మెడికల్ కాలేజీకి అనుమతి విషయంలో లంచం ఆరోపణ మీద సీబీఐ అరెస్టు చేసింది. మే నెలలో కౌన్సిల్‌నే రద్దు చేసి సర్కారు తన మనుషుల్ని కూర్చోబెట్టింది. తర్వాత మళ్లీ పాత కౌన్సిలే వచ్చింది. 2016 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని కడిగి ఆరేసింది. 2018లో ఆర్డినెన్సుతో ఇంకోసారి రద్దు చేశారు. 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం చేశారు, 2020 సెప్టెంబరు 25 నుంచి అది అమల్లో ఉంది. ఈ పదేళ్ల గొడవంతా కాలేజీల గురించే, సీట్ల గురించే. పొట్టలో కత్తెర మరిచిపోయిన డాక్టరు గురించి, సంతకం పెట్టించుకోకుండా గర్భసంచి తీసిన డాక్టరు గురించి కౌన్సిళ్ల మీద కౌన్సిళ్లు రద్దయిన దాఖలా ఒక్కటీ లేదు.

రోగి బయటి కోర్టుకి పోవడానికి కూడా డాక్టర్ల సంఘం ఒప్పుకోలేదు. వినియోగదారుల చట్టం మాకు వర్తించదని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ సుప్రీంకోర్టు దాకా కొట్లాడింది. 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో కోర్టు కుదరదంది, డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవే అంది. మంచి తీర్పే. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి ఈ చట్టం కిందికి రాదు. అంటే సర్కారాసుపత్రిలో ఊరికే వైద్యం చేయించుకునేవాడు వినియోగదారుడు కాదు. కారులో వచ్చి బిల్లు కట్టినవాడికి కోర్టుంది. రేషన్ కార్డు పట్టుకుని వరసలో నిలబడ్డవాడికి లేదు. 2019లో వినియోగదారుల చట్టాన్ని తిరగరాసినప్పుడు ముసాయిదాలో ఉన్న ఆరోగ్య సేవ అనే మాటను కూడా తీసేశారు. పాత తీర్పు బలం వల్ల, తర్వాతి కోర్టు తీర్పుల వల్ల డాక్టర్లు బయటపడలేదంతే.

గర్భసంచుల సంగతి దగ్గర కాసేపు ఆగాల. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో లెక్కగడితే దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొమ్మిది మందికి దగ్గర దగ్గర. దేశంలో మనదే మొదటి స్థానం. తెలంగాణది ఆ వెనకే. మన ఆడవాళ్ల గర్భసంచులు దేశంలో ఇంకెవరికీ రాని జబ్బు పట్టించుకున్నాయా? తెల్లబట్ట అవుతుందంటే, నడుము నొప్పంటే, బహిష్టు ఎక్కువ రోజులు పోతా ఉందంటే, మందులతో పోయే జబ్బుకి కత్తి పెట్టారు. ‘తీసేయకపోతే క్యాన్సర్ అవుద్ది’ అన్న ఒక్క మాట చాలు, వాడలో ఆడమనిషి పుస్తెలు తాకట్టు పెట్టడానికి. కూలికిపోయే మనిషికి నెలసరి పోవడం కూడా ఒక సుఖంగానే చూపించారు. ఇద్దరు బిడ్డలయ్యాక ఇంక ఆ సంచితో పనేముందమ్మా అని అడిగిన డాక్టరు, ముప్పై ఏళ్లకే అండాశయాలు కూడా పోతే ఎముకలు ఎట్ట గుల్లబారతాయో చెప్పలేదు.

మన మెట్టలో ఎముకల సంగతి ఇంకా వేరు. ఈ దేశంలో ఫ్లోరైడ్ జబ్బును డాక్టర్లు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. దర్శి, పొదిలి, కనిగిరి 1970లో ప్రకాశం జిల్లాలోకి పోయాయి, నీళ్లు మాత్రం ఎల్ల రాళ్లు చూసి పారవు గదా. అసలే ఎముక బలం లేని నేల మీద, అసలే తిండి చాలని ఒంట్లో, ఈ ఆపరేషన్ చేశారు.

చేసింది ఎవరు? ఆరెంపీలా? కాదు. గోడకి పట్టా తగిలించుకుని, పట్టికలో నంబరున్న డాక్టర్లు. ఆరెంపీ పని తోలుకుపోవడం, కమీషన్ తీసుకోవడం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, పేదోడి ప్రాణానికి అడ్డం పడిన మంచి పథకమే. గుండె ఆపరేషన్లకి ఎంతమందికి దారి చూపిందో మాకు తెలుసు. అదే కార్డు కొందరికి గర్భసంచుల పంట కూడా అయింది. చివరికి ఆ పథకం కింద ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ ఆపరేషన్ మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది సర్కారుకి. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లో ఇట్టాంటివే జరిగాయని ఒక డాక్టరే, నరేంద్ర గుప్తా, సుప్రీంకోర్టుకి పోతే, 2023 ఏప్రిల్ 5న కోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది: కేంద్రం రాసిన మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చెయ్యండి, జిల్లాల్లో నిఘా కమిటీలు పెట్టండి, అక్రమంగా ఆపరేషన్లు చేసిన ఆసుపత్రుల్ని బ్లాక్‌లిస్టులో పెట్టండి. మంచి డాక్టర్లు లేరని కాదు. ఆయన డాక్టరే. కానీ ఆయన న్యాయం కోసం తన కౌన్సిల్ దగ్గరికి కాకుండా కోర్టుకి ఎందుకు పోవాల్సొచ్చింది?

ఇంకో కాగితం సంగతి చెప్పాలి. దాని గురించి డాక్టర్ల నీతి మీద పుస్తకాలు రాసేవాళ్లు ఎవరూ మాట్లాడరు. గాయాల సర్టిఫికెట్. పొలం గట్టు దగ్గరో, బావి దగ్గరో, గుడి దగ్గరో మనవాళ్లని కొడతారు. స్టేషన్‌కి పోతే ఆసుపత్రికి పంపుతారు. అక్కడ డ్యూటీ డాక్టరు రాసే నాలుగు ముక్కల మీద మొత్తం కేసు నిలబడుతుంది. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దాన్ని తీవ్ర గాయమంటుంది. ఎక్స్‌రే తియ్యకుండానే ‘సింపుల్’ అని ఒక్క మాట రాస్తే కొట్టినోడు సాయంత్రానికి బెయిలు మీద ఊళ్లోకి వచ్చి మీసం దువ్వుతాడు. కొందరు డాక్టర్లు ఊరి పెద్దల ఫోనుకి లొంగి రాస్తారు. కొందరు ఎవరూ ఫోను చెయ్యకుండానే రాస్తారు, అదింకా పెద్ద జబ్బు. డాక్టర్ల ప్రవర్తన మీద 2002 నిబంధనలే చెబుతున్నాయి: అబద్ధపు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన డాక్టరు పేరు పట్టిక నుంచి కొట్టేయొచ్చు. అట్రాసిటీ కేసుల్లో గాయాలను తక్కువ చేసి రాసినందుకు పట్టిక నుంచి పేరు పోయిన డాక్టరు ఎవరన్నా ఉంటే చూపించండి. కులం చూసి ఆసుపత్రిలోకి రానివ్వకపోతే నేరమని 1955 అంటరానితనం చట్టంలోనే ఉంది, 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన అట్రాసిటీ చట్టం సవరణలోనూ రాశారు. లోపలికి రానిచ్చి, చెయ్యి తగలకుండా చూసి, కాగితం మీద చంపేస్తే ఏ సెక్షన్?

అయితే సర్కారుకే పెత్తనం అప్పజెబుదామా?

డాక్టర్ సుధాకర్‌ని గుర్తు తెచ్చుకోండి. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు, దళితుడు. 2020 ఏప్రిల్లో కరోనా రోగుల మధ్య పనిచేసే మాకు మాస్కులు లేవు అన్నాడు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచికట్టి పోలీసులు ఈడ్చుకుపోయారు. హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2021 మేలో గుండె ఆగి ఆయన చనిపోయాడు. సర్కారు డాక్టరుని నియంత్రించడమంటే ఇట్టా ఉంటుంది, ఆ డాక్టరు మనోడైతే. డ్యూటీకి రాని డాక్టరు మీద, బయట క్లినిక్ నడిపే డాక్టరు మీద ఎప్పుడూ లేవని చెయ్యి, మాస్కు అడిగిన డాక్టరు మీద లేచింది. అందుకే సర్కారు పెత్తనం అనగానే చప్పట్లు కొట్టడానికి మనకి చేతులు రావు.

కొత్త కమిషన్ చట్టం తెరిచి చూడండి. 33 మంది సభ్యులు. అధ్యక్షుడు, పదవి వల్ల వచ్చే పది మంది, పార్ట్ టైం సభ్యులు 22 మంది. ఈ 22లో యూనివర్సిటీల వీసీలకీ, రాష్ట్ర కౌన్సిళ్ల డాక్టర్లకీ పోను మూడు కుర్చీలు మిగిలాయి. ఆ మూడింటికీ మేనేజ్‌మెంటు, లా, ఎకనామిక్సు, సైన్సు అంటూ పెద్ద చాంతాడు రాసి, దాని మధ్యలో యాడనో రోగుల హక్కులని ఒక మాట ఇరికించారు. రోగికంటూ కుర్చీ లేదు, మన కులాలకంటూ అసలే లేదు. ఇంకా ఘోరం 30వ సెక్షన్. రాష్ట్ర కౌన్సిల్ తీర్పు నచ్చకపోతే డాక్టరు పైకి అప్పీలు చేసుకోవచ్చని రాశారు. రోగి సంగతి రాయలేదు. పాత నిబంధనల్లో 2004 నుంచి ఎవరికి అన్యాయం జరిగినా అప్పీలు చేసుకునే దారి ఉండేది. కొత్త చట్టం ఆ సెక్షన్ చూపించి కొన్నేళ్ల పాటు రోగుల అప్పీళ్లు తిప్పి పంపారు. స్వయం నియంత్రణ పోయి సర్కారు నియంత్రణ వస్తే రోగికి ఉన్న దారి కూడా మూసుకుపోయిందన్న మాట!

ఆ సర్కారు నియంత్రణకైనా వెన్నెముక ఉందా అంటే అదీ లేదు. 2023 ఆగస్టు 2న కమిషన్ కొత్త ప్రవర్తనా నిబంధనలు తెచ్చింది, జనరిక్ మందులే రాయాలంది. డాక్టర్ల సంఘాలు గోల చేశాయి. మూడు వారాలకే, 23న, ఆ నిబంధనలన్నీ పక్కన పెట్టేశారు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా జైలు, అదే పని రిజిస్టరైన డాక్టరు వైద్యం చేస్తా చేస్తే రెండేళ్ల దాకానే. డ్రైవరు చేతిలో పోయిన ప్రాణానికి ఒక రేటు, డాక్టరు చేతిలో పోయిన ప్రాణానికి ఒక రేటు. భయంతో డాక్టరు చెయ్యి ఆడకూడదన్న వాదనలో కొంత న్యాయం ఉంది, మేం కాదనం. ఆ న్యాయం 108 అంబులెన్సు నడిపే మన పిల్లోడికి ఎందుకు లేదని అడుగుతున్నాం.

ఇద్దరూ కలిసి పనిచేస్తే ఎట్టుంటుందో కూడా చూశాం. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం చుట్టుపక్కల గిరిజన, దళిత ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. అమెరికా సంస్థ పాత్, మన ఐసీఎంఆర్, రాష్ట్ర సర్కారు కలిసి చేసిన పని. డాక్టర్ల ఎథిక్స్ కమిటీలూ ఉన్నాయి, సర్కారు ఆర్డర్లూ ఉన్నాయి. చనిపోయిన పిల్లల విషయం బయటికొచ్చి 2010 ఏప్రిల్లో ఆపారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది, అది అట్టా ఉంచుదాం. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు! తల్లీ కాదు, తండ్రీ కాదు. ఇంకో 1,948 వేలిముద్రలు. హాస్టల్లో మన పిల్ల ఒంటి మీద హక్కు వార్డెనుకి ఎవరిచ్చారు?

ఇప్పుడు ఆరెంపీల సంగతికొద్దాం. ఇది మనకి ఇరకాటమైన విషయం, దాటేసి పోతే కుదరదు. వాడలో రాత్రి పదింటికి పిల్లోడికి జొరమొస్తే వచ్చేది ఆయనే. అప్పు పెట్టేది ఆయనే. ‘ఏం పెద్దామ్మా, ఎట్టుంది ఒళ్లు’ అని నులక మంచం మీద కూర్చుని నాడి పట్టుకునేది ఆయనే. వాళ్లలో మన కులపోళ్లూ ఉన్నారు, పదో తరగతి దాకా చదివి ఏదో ఆసుపత్రిలో కాంపౌండరుగా ఊడిగం చేసి పని నేర్చుకున్నోళ్లు. అదే చేత్తో ఆయన ప్రతి నొప్పికీ స్టెరాయిడ్ సూది వేస్తాడు, ప్రతి నీరసానికీ గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు, మూడు రోజులు వేసి ఆపకూడని యాంటిబయాటిక్ ఒక పూటకి ఇస్తాడు. ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బాంగర్‌మావులో 2018లో ఒకే సూదిని తిప్పి తిప్పి వాడినందుకు నలభై మందికి పైగా హెచ్ఐవీ అంటింది. ఆ సూది పడిందీ పేదోళ్లకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో, 2001 జనాభా లెక్కలు తిరగేసి చెప్పింది: ఈ దేశంలో ఇంగ్లీషు వైద్యం చేసేవాళ్లలో నూటికి 57 మందికి వైద్యం చదువు లేదు. పల్లెల్లో చదువున్నవాళ్లు నూటికి 19 మందికి లోపే. మొదట సర్కారు ఆ లెక్క తప్పంది. 2019లో కొత్త చట్టంలో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అనే పేరుతో పరిమిత లైసెన్సులు ఇవ్వాలనుకున్నప్పుడు అదే సర్కారు అదే లెక్కను చూపించింది. అవసరాన్ని బట్టి లెక్క తప్పూ అవుతుంది, ఒప్పూ అవుతుంది. ఆ చట్టంలోనే 34వ సెక్షన్ కింద పట్టా లేకుండా వైద్యం చేస్తే ఏడాది జైలు, ఐదు లక్షల జరిమానా. పాత చట్టంలో జరిమానా వెయ్యి రూపాయలు. దాడులు చేసి, షాపులు మూయించి, ఫొటోలు దిగితే డాక్టర్ల కౌన్సిల్ పని చేసినట్టే కనపడుతుంది. మూసిన రాత్రి సీతారామపురం కొండ పల్లెల్లో పిల్లోడికి ఫిట్స్ వస్తే యాడికి పోవాల? ఆ జవాబు దాడి చేసేవాళ్ల దగ్గర లేదు. ఆరెంపీకి కమీషన్ ఇచ్చే నర్సింగ్ హోము మీద దాడి జరగదు, చూశారా. కమీషన్ తీసుకోవడమూ ఇవ్వడమూ తప్పని 2002 నిబంధనల్లో ఉంది. తీసుకునేవాడికి పట్టా లేదు కాబట్టి ఆ నిబంధన వాడికి తగలదు. ఇచ్చేవాడికి తగులుతుంది గదా, వాడి జోలికి పోరెందుకు?

వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో ఆరెంపీలకు పారామెడికల్ బోర్డు ద్వారా శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా మార్చాలని మొదలుపెట్టారు. చివరిదాకా సాగలేదు. పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో ఇట్టాంటివాళ్లకు తొమ్మిది నెలలు పాఠాలు చెప్పి, అభిజిత్ బెనర్జీ మొదలైనవాళ్లు పరీక్షించి 2016లో ఫలితాలు అచ్చేశారు. జబ్బును సరిగా చూసి సరైన వైద్యం చెయ్యడం మెరుగుపడింది. అక్కర్లేని మందులివ్వడం మాత్రం తగ్గలేదు. ఆ రెండో మాట మింగేసి శిక్షణ గొప్పదని చెప్పేవాళ్లని నమ్మొద్దు, మొదటి మాట మింగేసి జైల్లో వెయ్యాలనేవాళ్లని కూడా నమ్మొద్దు. మందు అమ్ముకుని బతికేవాడు మందు తగ్గించడు. అది పట్టా ఉన్నోడికీ ఒకటే, లేనోడికీ ఒకటే.

జనం ఎంత దిక్కులేకుండా ఉన్నారో మన జిల్లాలోనే దేశం మొత్తం చూసింది. 2021 మేలో, ఆక్సిజన్ దొరక్క జనం చస్తున్నప్పుడు, కృష్ణపట్నంలో ఆనందయ్య ఆకుమందు కోసం వేల మంది ఎగబడ్డారు. ఆయన పేరు ఏ పట్టికలోనూ లేదు. ఆపారు, పరీక్షలన్నారు, నెలాఖరుకి కంటి చుక్కలు తప్ప మిగతా మందులకి అనుమతిచ్చారు. ఆ మందు పనిచేస్తుందని రుజువేమీ లేదు. నష్టం లేదు కాబట్టి ఇచ్చుకోండి అన్నదే ఆ అనుమతి. నియంత్రించాల్సిన సర్కారు జనం వత్తిడికి తలూపింది, కాదనాల్సిన డాక్టర్ల మాట ఎవరూ వినలేదు. ఎందుకు వింటారు? ఆ నెలలోనే ఆసుపత్రి బిల్లులు లక్షల్లో కట్టిన జనం గదా.

మరి మనమేం కోరాల? ఇంగ్లండులో డాక్టర్ల కౌన్సిల్ 1858 నుంచి డాక్టర్లదే. షిప్‌మన్ అనే డాక్టరు రెండు వందల మందికి పైగా రోగుల్ని సూదులతో చంపాడని విచారణలో తేలాక అక్కడోళ్లకి కళ్లు తెరుచుకున్నాయి. 2009 నుంచి ఆ కౌన్సిల్లో సగం మంది డాక్టర్లు కానివాళ్లు. ఎన్నికలు లేవు, నియామకాలే. డాక్టరు పట్టా కూడా కొన్నేళ్లకోసారి మళ్లీ పరీక్షకి నిలబడాల. మన దగ్గర సగం కుర్చీలు బయటోళ్లకిస్తే అవి రిటైరైన ఐఏఎస్‌లకీ, రెడ్డి కమ్మ కాంట్రాక్టర్లకీ పోతాయని మాకు తెలుసు. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో ఎవరు కూర్చుంటున్నారో చూస్తానే ఉన్నాం. ఎయిమ్స్‌లోనే దళిత విద్యార్థుల్ని వేరుగా చూస్తున్నారని 2007లో థోరట్ కమిటీ రాసింది. ముంబైలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వి 2019లో ప్రాణం తీసుకుంది. తోటి డాక్టరునే మనిషిగా చూడని చోట రోగి గురించి తీర్పు చెప్పే కుర్చీలో మనోళ్లు ఉండాల్సిందే, అదీ పేరు రాసి, రిజర్వు చేసి.

దూబగుంట యాడుంది? కలిగిరి మండలంలో, మన ఉదయగిరి సీమలోనే. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న కూలి ఆడవాళ్లు సారా కొట్టు ముందు నిలబడితే 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. ఎక్సైజు శాఖకి చేతకాని నియంత్రణ అది. ఆ ఆడవాళ్లు రోజూ కాపలా కాశారు గనక జరిగింది. వాళ్లు ఇంటికి పోయాక ఏమైందో కూడా చూశాం, 1997లో మద్య నిషేధాన్నే ఎత్తేశారు. కొందరు మిత్రులు ఆసుపత్రుల మీదా ఇదే పద్ధతి పెడదామంటారు. అంత తేలిక కాదు. సారా కొట్టు మూయించాల, ఆసుపత్రి తెరిపించాల. డాక్టరుని కొట్టి, అద్దాలు పగలగొడితే రెండో రోజు నుంచి ఆ డాక్టరు కూడా ఉండడు.

మేమడిగేది ఇదీ. రోగి ఫిర్యాదు విచారణ విజయవాడలో కాదు, ఆర్డీవో ఆఫీసున్న ఆత్మకూరులో జరగాల. కావలి దాటి ఒంగోలు దాటి పోవడానికి కూలి మనిషికి మూడు రోజుల కూలి పోతుంది. ఆ విచారణలో డాక్టర్లతో సమానంగా బయటోళ్లుండాల, వాళ్లలో వాడ ఆడవాళ్లుండాల. తీర్పు మీద అప్పీలు హక్కు రోగికి చట్టంలోనే రాయాల. ఏ ఆసుపత్రిలో ఏ వయసు ఆడవాళ్లకి ఎన్ని గర్భసంచులు తీశారో, పేర్లు లేకుండా, ప్రతి మూడు నెలలకీ గోడ మీద అతికించాల. కొట్లాట కేసుల్లో గాయాల సర్టిఫికెట్ నకలు అప్పటికప్పుడే దెబ్బలు తిన్నవాడి చేతికివ్వాల. ఆరెంపీలకి పాఠాలు చెప్పి, ఏ మందులివ్వచ్చో పట్టిక రాసి, సూదీ స్టెరాయిడూ మాన్పించి, నేను డాక్టరుని కాదని బోర్డు పెట్టించాల. వాళ్లని మూయించేది, ఆ ఊళ్లో సర్కారు మనిషి రాత్రిపూట కూడా ఉన్నాడని తేలినాకే.

ఇవన్నీ వచ్చేదాకా ఉన్న కాగితాన్నన్నా వాడుకుందాం. ఆసుపత్రిలో చేరిన రోగి తన రికార్డులడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నిబంధనల్లో ఉంది, అవి ఇప్పటికీ చెల్లుతాయి. మూడేళ్ల పాటు ఆ రికార్డులు దాచే బాధ్యత డాక్టరుదే. మీ ఇంట్లో ఆపరేషన్ అయిన ఆడమనిషి ఉంటే ఈ వారమే పోయి అడగండి. నోటితో అడగొద్దు. తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టకపోతే అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.